కొనడానికొచ్చిన మనిషి

అమ్మ ఏం పని చేసేదని ఎవరైనా అడిగితే, "శాక్సోఫోన్ల కంపెనీలో ప్రచారం" అని చెప్పి ఊరుకుంటాను. ఏ కంపెనీయో చెప్పినా ఎవరికీ తెలియదు. ఊదేవాళ్లలోనే సగం మంది దాని పేరు వినలేదు. నిజానికి అమ్మ చేసింది ప్రచారం కాదు, నాటకం.

వాయిద్యాల దుకాణంలో కంపెనీ మేనేజరు బల్ల మీద శాక్సోఫోన్ పెట్టి, "మాది ఎవరైనా ఇట్టే నేర్చుకోవచ్చు. జన్మలో ఊదనివాళ్లు ఒక్కరు ముందుకు రండి!" అని పిలిచేవాడు. జనంలోంచి అమ్మ సిగ్గుపడుతూ వెళ్లేది. చేతిలో కూరగాయల సంచీ. అదీ కంపెనీదే. మొదట మేక అరిచినట్టు ఊదేది. జనం పగలబడి నవ్వేవాళ్లు. మేనేజరు వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాక, ఒక చిన్న పాట తడబడుతూ వాయించేది. ఆ తడబాటుకే జీతం.

ఇంట్లో మాత్రం కిటికీలు మూసి, ఒళ్లు మరిచి వాయించేది. అంతటి మనిషి నలుగురిలో నవ్వులపాలవుతుంటే నాకు ఒళ్లు మండేది. "మంచి బ్యాండులో చోటు దొరకనీ, ఆ సంచీ మేనేజరు మొహాన కొట్టి వస్తానే" అనేది అమ్మ. ఆ మాట పట్టుకునే ఆ నవ్వులన్నీ భరించాను.

సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేది. "అక్కడ నేనెవరో నీకు తెలియదు, సరేనా?" అని దూరంగా నిలబెట్టేది.

ఒకరోజు జనంలో ఒక బ్యాండు మాస్టరు ఉన్నాడు. "మా శాక్సోఫోన్ ఆయన మానేశాడు. బాగా వాయించేవాళ్లుంటే చెప్పండి, రేపే చేర్చుకుంటా" అన్నాడు దుకాణదారుతో. అమ్మకూ వినపడింది. ఆమె వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. నేను ఆగలేకపోయాను.

"మా అమ్మ వాయిస్తుందండీ! చాలా బాగా వాయిస్తుంది!"

మాస్టరు వంగి, "అవునా? ఎవరమ్మా మీ అమ్మ?" అన్నాడు.

అమ్మ వైపు చూశాను. మేనేజరూ అమ్మనే చూస్తున్నాడు. అప్పటికే ఇద్దరు కొనడానికి ముందుకొచ్చారు. అమ్మ నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, నవ్విన జనమే దొంగ అని మీద పడతారు. పడితే పడనీ, ఒక్కసారి సరిగ్గా ఊదవే అమ్మా, అనుకున్నాను.

అమ్మ నవ్వింది. "పాపం, తప్పిపోయినట్టుంది. ఎవరి పిల్లవమ్మా నువ్వు? మీ అమ్మ ఎక్కడుంది?"

"బయటుంది" అన్నాను.

హమ్మయ్య అన్నట్టు అమ్మ ముఖం తేటపడింది.

మాస్టరు నా చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు. లోపల అమ్మ ఆ చిన్న పాట తడబడుతూ మళ్లీ మొదలుపెట్టింది. "ఏదమ్మా? చూపించు, మాట్లాడతాను" అంటూ ఎదురొచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆయన ఆపి అడిగాడు. వీధి చివరిదాకా నడిచి, నిజంగానే వెతికాడు.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం పోలేదు.