చంద్రుడి మీద కొబ్బరితోట

కంచిలి దగ్గర పల్లెలో కూర్మనాథానికి మూడెకరాల కొబ్బరితోట ఉంది. రెండేళ్లుగా కిడ్నీల జబ్బు కూడా ఉంది. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి, డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాలి.

"రక్తం బాగుపడతాది గానీ బుర్ర పాడైపోతంది" అంటూ ఏప్రిల్ చివర్లో ఒకసారి ఎగ్గొట్టేశాడు. మర్నాటికి కాళ్లు వాచి, ఆయాసంతో మంచం పట్టాడు.

టెక్కలిలో టీచరుగా పనిచేసే కూతురు మోహిని వేసవి సెలవులకి వచ్చి సంగతి తెలుసుకుంది. ఆ తర్వాతిసారి తానూ వెంట బయల్దేరింది. సంచిలో ఒక కథల పుస్తకం పెట్టుకుంది. అన్నీ ఎప్పుడో రాబోయే కాలం గురించి ఊహించి రాసినవి, మొత్తం పన్నెండు. మొదటిది, చంద్రుడి మీద కొబ్బరితోట వేసిన ఒక ముసలామె కథ.

రెండు పేజీలు చదివిందో లేదో, కూర్మనాథం చెయ్యెత్తబోయి, సూది గుచ్చి ఉందని గుర్తొచ్చి దించాడు.

"ఆగవే. అక్కడ గాలుందేటి?"

"లేదు నాన్నా. గాజు పైకప్పు కింద పెంచుతాది."

"గాలాడకపోతే పిందెలా కడతాది? ఈ రాసినోడు కొబ్బరిసెట్టు ఎప్పుడైనా సూసేడా?"

పక్క మంచం మీద ఎర్రమ్మ ఉంది. సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డున, చేపలు అమ్ముకుని బతికిన మనిషి. "సెట్టు సంగతి తర్వాతన్నయ్యా, ముందు నీళ్లెక్కడియో సెప్పమను" అంది.

ఆ రోజు కథ పూర్తి కాలేదు. వాదన మాత్రం మిషన్లు ఆగేదాకా నడిచింది. ఇంటికెళ్లగానే కూర్మనాథం తనంతట తనే అడిగాడు, "ఎల్లుండి ఎన్నింటికి బయల్దేరదాం?"

మే నెలంతా అలాగే గడిచింది. సముద్రం వెనక్కి వెళ్లిపోయిన ఊరి కథకి ఎర్రమ్మ కళ్లు తుడుచుకుంది. కలలు కొనే దుకాణం కథకి వార్డంతా నవ్వింది. తోటల్లో జీడిపళ్లు అయిపోయాయి, ఉక్కపోత పోయి తూర్పున మబ్బులు కమ్మాయి. మోహిని బడి తెరిచే రోజు వచ్చేసింది. ఇంకా మూడు కథలు మిగిలాయి.

"ఫోన్లో చదివి పంపిస్తాను నాన్నా."

"వొద్దు. పుస్తకం వొదిలేసి ఎల్లు. నేను సదువుతాను."

ఏడో తరగతి తర్వాత పుస్తకం పట్టని మనిషి. కాశీబుగ్గలో కళ్లజోడు కొనుక్కున్నాడు. పొట్టమీద దిండు పెట్టి, దానికి పుస్తకం ఆనించి, ఖాళీగా ఉన్న కుడిచేత్తో పేజీలు తిప్పాడు. ఒత్తుల దగ్గర ఆగుతూ, మాటలు కూడబలుక్కుంటూ పైకే చదివాడు. పుస్తకం మూడుసార్లు జారిపడింది, మూడుసార్లూ నర్సు దుర్గాదేవి తీసి ఇచ్చింది. గొంతెండినా గుక్కెడే తాగాలి, నీళ్లకీ హద్దుంది.

గంటకి రెండు పేజీలే అయ్యాయి. సిగ్గేసి, ఎర్రమ్మ వైపు చూసి "ఇసుగొత్తందా సెల్లీ?" అన్నాడు.

"సదువు, సదువు. నాకేటి తొందర?"

ఒకరోజు బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. నర్సు పుస్తకం మూసెయ్యబోతే వేలు అడ్డం పెట్టాడు. "ఈ వరస కాడ ఆపినాను. మడతెట్టమ్మా."

రెండు రోజుల తర్వాత సరిగ్గా ఆ వరస దగ్గరే మొదలుపెట్టాడు.

ఆఖరి కథ నక్షత్రాల వైపు మూడు వందల ఏళ్లు ప్రయాణించే ఓడది. బయల్దేరినవాళ్లెవరూ ఒడ్డు చూడరు. అది ముగిసే వేళకి బయట తొలకరి మొదలైంది.

"ఒడ్డు సూపించకుండా ఆపేసినాడేటి?" ఎర్రమ్మ మండిపడింది. "మా వోళ్లైతే అలాటి ఓడెక్కరు!"

"నేనెక్కుతాను" అన్నాడు కూర్మనాథం. "అంత దూరం ఎల్లినాక ఎనక్కెవుడు తిరుగుతాడు?"

ఇద్దరూ దాని మీద సూదులు తీసేదాకా కొట్లాడుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఎర్రమ్మ, "ఇంకోటి తే అన్నయ్యా, పెద్దది" అంది.

నీరసంగానే ఉంది. అయినా నేరుగా బస్సెక్కకుండా, తడుస్తూ లైబ్రరీకి నడిచాడు. సభ్యత్వం కాగితం మీద తనే పేరు రాశాడు. అక్కడి గుమస్తా ఇచ్చిన మూడు పుస్తకాల్లోంచి అన్నిటికన్నా లావుది ఏరుకున్నాడు. బస్సు కదలకముందే కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ తెరిచాడు.