అత్తమ్మ నుదుటి గుడ్డ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా బిడ్డకి ఏదైనా అంటుకుంటుందని. పుట్టినప్పుడు పిడికెడంత ఉంది. వారం రోజులు గాజుపెట్టెలో ఉంచారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తున్నా, ఇంట్లో ఎవరు తుమ్మినా నా గుండె జారిపోతుంది. నా చదువు ఎనిమిదితో ఆగింది. ఏది అంటుకుంటుందో, ఏది అంటుకోదో తెలీదు. అందుకని అన్నిటికీ భయపడతాను. మా అత్తమ్మ నాకు పెట్టిన పేరు "భయాల పుట్ట".

అత్తమ్మ లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. ఇరవై రెండేళ్లు అదే బల్ల. కాలరు మీద ముడత ఉంటే గుమ్మంలోంచే కనిపెట్టేది. ఊడిన గుండీలు కూడా తనే కుట్టి పంపేది. కళ్లజోడు లేకుండా సూదిలోకి దారం ఎక్కించి, "ఒంటికి అరవై దాటింది గానీ నా కళ్లింకా పెళ్లికూతుళ్లేనే" అని మురిసిపోయేది.

మొన్నామధ్య ఆవిడకి జలుబు చేస్తే, తగ్గాక కూడా తొమ్మిది రోజులు బిడ్డని ముట్టుకోనివ్వలేదు నేను. గది బయట నిలబడి, "ఏమే చిట్టీ, మీ అమ్మ నాకింకా టికెట్ ఇవ్వలేదే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ ఎంత నొచ్చుకుందో చూడలేదు.

తర్వాత ఒక సోమవారం, పని నుంచి కనుబొమ్మ దాకా గుడ్డ కట్టుకుని వచ్చింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం లేదే. పెట్టె ఆవిరి కొట్టింది."

నమ్మేశాను. లాండ్రీలో చేతులు కాలనివాళ్లు ఉండరు. మందు పూసి, గుడ్డ చుట్టి, మళ్లీ బల్ల దగ్గర నిలబడతారు. ఆ వారమంతా బిడ్డని ఎత్తుకుంది గానీ, మొహం పక్కకి తిప్పుకునే ఉంది. ఒక్క ముద్దూ పెట్టలేదు. కనీసం అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఆరో రోజుకి ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ముక్కు కొసన ఒక నీటి పొక్కు. గుడ్డ విప్పితే, నుదుటి మధ్య గీత గీసినట్టు ఎడమ పక్క మాత్రమే గుత్తులు గుత్తులుగా పొక్కులు.

"ఆవిరి ఒక పక్కకే కొడుతుందా అత్తమ్మా?"

ఆవిడ తల దించుకుంది. "అంటుకునేదేమోనంటే బిడ్డని ఇవ్వవుగా."

ఆస్పత్రిలో డాక్టరమ్మ చూడగానే అంది, "సర్పి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో నిద్రపోతుంది. పెద్దయ్యాక ఇలా లేస్తుంది. పెదవి మీద పొక్కులు లేపే వైరస్ కూడా దీని చుట్టమే. ఎప్పుడు మొదలైంది?"

"సోమవారం," అన్నాను.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది. "ఈ మాత్రలు వైరస్‌ని చంపవమ్మా. పెరగకుండా ఆపుతాయి. అందుకే మూడు రోజుల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. అప్పటికే పాడైనదాన్ని తిరిగి తేలేవు. అయినా వాడాలి, కంటి దాకా వచ్చింది కాబట్టి తప్పకుండా వాడాలి. రోజుకి ఐదుసార్లు, నీళ్లు బాగా తాగించు. ఈరోజే కంటి డాక్టరుకి చూపించు."

"మరి నా బిడ్డ?" అన్నాను. ఆ క్షణంలో కూడా అదే అడిగాను.

"పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. ఎండిపోయేదాకా కప్పి ఉంచి, దూరంగా పెట్టండి. పది రోజులు. మూడు వారాల దాకా పాపకి జ్వరమొచ్చినా, పొక్కు కనిపించినా వెంటనే తీసుకురా."

పది రోజులు. ఆ మాట ముందే ఎవరైనా మా ఇద్దరికీ చెప్పి ఉంటే!

ఆరోజే కంటి డాక్టరుకీ చూపించాను. బిడ్డకి పాలిచ్చే వేళలకే అత్తమ్మ మాత్రలు ముడిపెట్టాను. చిట్టి ఏడిస్తే అవతలి గదిలోంచి, "ఇదిగో, మా గంట మోగింది" అని ఆవిడే గ్లాసు చాపేది. ఒక్క పూటా తప్పలేదు. పొక్కులు ఎండాయి, మచ్చలు మిగిలాయి. బిడ్డకి ఏమీ రాలేదు.

అత్తమ్మ ఎడమ కంటి చూపు మాత్రం తిరిగి రాలేదు. అద్దం మీద ఆవిరి పట్టినట్టు ఉంటుందట. నుదురు ఇప్పటికీ సూదులతో పొడిచినట్టు సలుపుతుంది. లాండ్రీలో బల్ల తీసేసి, దుప్పట్లు మడత పెట్టే మూలకి మార్చారు.

నిన్న చిట్టి గౌను గుండీ ఊడింది. అత్తమ్మ సూది తీసుకుంది. దారం కొస మూడుసార్లు సూది పక్కనుంచే పోయింది. నాలుగోసారి నా చేతికిచ్చి, "పెళ్లికూతురు అలిసిపోయిందే" అంది. దారం ఎక్కించబోతే నా కళ్లకీ ఏం కనిపించలేదు. సూది పక్కన పెట్టి, బిడ్డని ఆవిడ ఒళ్లో పడుకోబెట్టాను. ఇప్పుడు ముద్దులాడుతుంది, కుడి కంటి వైపు బిడ్డని తిప్పుకుని.

ఇది చదువుతున్నవాళ్లని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో నుదుటికో నడుముకో గుడ్డ చుట్టుకుని "ఏం లేదే" అనే పెద్దవాళ్లుంటే, ఇప్పుడే లేచి వెళ్లి చూడండి. చూసేముందు, దూరం పెట్టాల్సి వచ్చినా పది రోజులేననీ, ఆ తర్వాత బిడ్డ వాళ్ల ఒళ్లోనే ఉంటుందనీ చెప్పండి. అది చెప్తేనే గుడ్డ విప్పుతారు.