శంఖద్వీపం యువరాజు పేరు

మిఠాయి పొట్లం పట్టుకుని సత్యారావు గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి వీరలక్ష్మి గుండె ఎగిరి గంతేసింది. ఎందుకెయ్యదూ! తెలుగు సంఘం వాళ్లు జూబ్లీకి 'శంఖద్వీపం' నాటకం మళ్లీ ఆడబోతున్నారని వారం రోజులుగా పోర్ట్ బ్లెయిర్‌లో, షాదీపూర్ పేటంతా అదే మాట. ఆ నాటకంలో రాణి అంటే వీరలక్ష్మి. తొమ్మిదేళ్లపాటు ఆ వేషం ఇంకొకరు కట్టలేదు. రాసిన సుబ్బరామయ్య మాస్టారు పోయాక నాటకమూ పోయింది, పద్దెనిమిదేళ్లు ఎవరూ దాని ఊసెత్తలేదు. ఇప్పుడు సంఘం సెక్రెటరీ స్వయంగా ఇంటికొచ్చాడు. వారం నుంచీ చేపల పులుసు కలుపుతూ, బట్టలు పిండుతూ పద్యాలు పాడి చూసుకుంటోంది వీరలక్ష్మి. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ శ్రుతి మాత్రం తప్పలేదు.

సత్యారావు కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, చల్లగా చెప్పాడు.

"దీదీ, జూబ్లీ కదా, జనం రావాలి. మద్రాసు నుంచి కమలాకుమారి గారిని పిలిపిస్తున్నాం. సినిమాల్లో తల్లి వేషాలన్నీ ఆవిడవే. రాణి ఆవిడ వేస్తుంది. మీరు పక్కన నిలబడి ప్రాంప్టింగ్ చెప్పాలి. ఆ పద్యాలు మీకు తప్ప ఎవరికొచ్చు, చెప్పండి?"

వీరలక్ష్మికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ మింగేసింది. యాభై ఒక్క ఏళ్లొచ్చాయి, ముందు పళ్లు రెండు లేవు, తనని రాణిగా ఎవరు చూస్తారు? అంత మాత్రం తెలియకపోలేదు. కానీ వేషం కంటే పెద్దది ఒకటుంది.

"సరే బాబూ, సెప్తాను. ఒక్కటే మాట. నా పద్యంలో పేరు మార్చకూడదు."

"అయ్యో, ఎవరు మారుస్తారు దీదీ? అమ్మ తోడు, ఒక్కక్షరం మారదు" అని ప్రమాణం చేసి, సత్యారావు స్కూటరెక్కి వెళ్లిపోయాడు.

ఆ పేరు సంగతి చెప్పాలి.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట వీరలక్ష్మి, మొగుడు నూకన్న, నాలుగేళ్ల కొడుకు అప్పలరాముడు విశాఖపట్నంలో ఓడ ఎక్కారు. నూకన్నకి అండమాన్‌లో రంగత్ దగ్గర అడవిలో పని దొరికింది. రెండో రోజు పిల్లాడికి జ్వరం తగిలింది. మూడో రోజు సాయంత్రానికి ఒళ్లు చల్లబడిపోయింది. ఓడలో శవాన్ని ఉంచనివ్వరు. దుప్పట్లో చుట్టి, కాళ్ల దగ్గర ఇనుప ముక్క కట్టి, నీళ్లలోకి జారవిడిచారు. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ మీద గుమస్తా లిస్టు చూసి మూడు పేర్లూ చదివాడు. మూడోవాడేడని అడిగాడు. నూకన్న సముద్రం వైపు చెయ్యి చూపించాడు. గుమస్తా కలంతో ఆ పేరు మీద ఒక గీత గీసి, తర్వాతివాళ్లని పిలిచాడు.

అంతే, ఆ పిల్లాడికి సమాధి లేదు, ఫొటో లేదు. ఈ దీవుల్లో ఏ కాగితం మీదా వాడి పేరు లేదు. నూకన్న ఉన్నన్నాళ్లూ ఆ పేరెత్తితే భోజనం ముందునుంచి లేచిపోయేవాడు.

రెండేళ్లకి సుబ్బరామయ్య మాస్టారు శంఖద్వీపం రాశారు. రాణి కొడుకు సముద్రంలో మునిగి చనిపోతాడు, రాణి ఒడ్డున కూర్చుని ఏడుస్తుంది. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడమా అని జనం నోళ్లు నొక్కుకుంటున్న రోజుల్లో వీరలక్ష్మి చేత ఆ వేషం కట్టించారాయన. అక్షరమ్ముక్క రాని మనిషికి ఆ నాటకం పుస్తకంతోనే చదువు కూడా చెప్పారు. యువరాజుకి ఆయన పెట్టిన పేరు మణిధరుడు. రిహార్సల్స్‌లో వీరలక్ష్మి ఆ పేరే పాడింది. ఆట రోజు గుడ్డలో చుట్టిన బొమ్మని ఒళ్లో పెట్టుకోగానే ఏమయిందో, మణిధరుడు నోటికి రాలేదు. సొంత కొడుకు పేరు వచ్చేసింది.

ఎదురుగా కూర్చున్నవాళ్లలో సగం మంది అదే ఓడలో వచ్చినవాళ్లు. పందిరంతా ఘొల్లుమంది. ఏడుస్తూనే "వన్స్ మోర్" అన్నారు. పద్య నాటకంలో వన్స్ మోర్ అంటే మళ్లీ పాడవలసిందే, చచ్చినట్టు పాడాలి. "జనం అడిగితే దేవుడు అడిగినట్టమ్మా, కాదనకూడదు" అనేవారు మాస్టారు. ఆ రోజు నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ పాడింది. తెర దించాక తప్పు చేశానని ఆయన కాళ్ల మీద పడబోతే, మాస్టారు ఆపేశారు. "తప్పు నాదమ్మా. ఆ పిల్లాడికి నేనే తప్పు పేరు పెట్టాను" అన్నారు. తెల్లారేసరికి ఆ పేరు సరిపడేలా పద్యమే తిరగరాశారు.

*లేవరప్పల రాముడ లేవరయ్య,*
*కడలియొడిలోన నీకేల కఠిన నిద్ర?*

వీరలక్ష్మి తన చేత్తో రాయడం నేర్చుకున్న మొదటి పేరు అదే. తొమ్మిదేళ్లు, ఏడాదికి మూడు నాలుగు ఆటలు, వందలమంది ముందు తన కొడుకుని పేరు పెట్టి పిలిచింది. ఇప్పుడు వేరేవాళ్ల నోటితోనైనా సరే, వాడి పేరు ఇంకోసారి వినపడాలి. అదొక్కటే ఆవిడ కోరిక.

కమలాకుమారి విమానం దిగే రోజు లంబాలైన్‌లో విమానాశ్రయం కంచె వెంబడి జనమే జనం. ఆటకి నాలుగు రోజుల ముందునుంచీ బజార్లో వేరే కబురు లేదు. "పద్యం పాడాలంటే వీరలక్ష్మే పాడాలి, సినిమావాళ్లకి వెనకాల ఎవరో పాడితే తప్ప గొంతెక్కడుంది" అని పాతవాళ్లు గొణిగారు. "అరే చాచా, పద్యం కౌన్ సున్తా హై? మేం కమలాకుమారిని చూడ్డానికెళ్తున్నాం" అని కుర్రకారు నోరు మూయించారు. పక్కింటి దేముడమ్మ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. "పిన్నీ, ఆవిణ్ణి దగ్గరగా సూస్తావు కదా, సీర రంగేటో సెప్పు" అని రోజూ ప్రాణం తీసింది.

ఒక్క నిజం చెప్పుకోవాలి, కమలాకుమారి చెడ్డ మనిషి కాదు. నలభై దాటిన మనిషి, అలసిపోయిన కళ్లు, వీరలక్ష్మిని "అమ్మా" అనే పిలిచింది. చిన్నప్పుడు నాటకాలాడిందట, గొంతు కూడా బాగానే ఉంది. ఏడుపు పద్యం దగ్గర మాత్రం ఆగి నవ్వింది.

"యువరాజు పేరు అప్పలరాముడేంటమ్మా? జనం నవ్వరూ?"

హార్మోనియం పున్నయ్య తలెత్తి వీరలక్ష్మి వంక చూశాడు. పాత బృందంలో మిగిలినవాడు ఆయనొక్కడే. చెప్పవమ్మా అన్నట్టుగా చూశాడు. వీరలక్ష్మి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? దీవంతా ఎరిగిన సంగతి, ఈవిడకి ఎవరూ చెప్పి ఉండరా? తెలిసీ అడుగుతోందేమో. నా కొడుకు చచ్చిపోయాడమ్మా, కాస్త వాడి పేరు పాడిపెట్టండి అని అడుక్కోవాలా?

"మాస్టారు అలాగే రాసేరమ్మా. అలాగే పాడండి" అంది.

"సరే, మీ ఇష్టం" అంది కమలాకుమారి.

మా దీవుల్లో ఐదున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి ఆరింటికి తెర తీశారు. స్కూలు గ్రౌండు ఇసకేస్తే రాలనట్టుంది. ముందు వరసలో పాతకాలం వాళ్లు ఓ పదిమంది, వెనకాల సముద్రంలా కుర్రవాళ్లు. కమలాకుమారి అడుగుపెట్టగానే ఈలలు. ఏ మాట అన్నా చప్పట్లు. వీరలక్ష్మి పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడి, పద్యం పద్యానికీ మొదటి మాట అందించింది. చూడనక్కర్లేదు, పుస్తకమంతా నోటికొచ్చు. అయినా చేతిలో ఉంచుకుంది.

ఏడుపు సీను వచ్చింది. కమలాకుమారి బొమ్మని ఒళ్లోకి తీసుకుంది. "లేవరప్పల రాముడ..." అని వీరలక్ష్మి అందించింది. కమలాకుమారి కన్నీళ్లతో, నిజం కన్నీళ్లే, ఎత్తుకుంది.

"లేవరప్పల రాముడ..."

పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పేరు మైకులో మోగింది. వీరలక్ష్మి కళ్లు మూసుకుంది.

వెనక వరసల్లో ఎవడో కిసుక్కుమన్నాడు.

"అప్పలరాముడంటరోయ్! ప్రిన్స్ కా నామ్ అప్పలరాముడు!"

"మా జెట్టీలో మూటలు మోసే కలాసీ పేరు భయ్యా!"

ఇక చూడండి, నవ్వులు! వరస తర్వాత వరస పాకాయి. నవ్వు ఎందుకో తెలియనివాళ్లు కూడా నవ్వారు. దీవంతా ఎరుగునని వీరలక్ష్మి అనుకుంది కదా, ఆ ఎరిగినవాళ్లు ముందు వరసలో పదిమందే మిగిలారు. మిగతావాళ్లంతా తర్వాత పుట్టినవాళ్లూ, తర్వాత వచ్చినవాళ్లూ. ఎవరు ఎవరికి చెప్పారు గనక?

కమలాకుమారి పద్యం ఆపలేదు, చివరిదాకా పాడింది. ముందు వరసలో ముసలి అప్పయ్య కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడి, "వన్స్ మోర్ తల్లీ!" అన్నాడు. పాతవాళ్లందరూ అందుకున్నారు. ప్రేమతోనే అడిగారు పాపం. పున్నయ్య శ్రుతి పట్టాడు. వీరలక్ష్మి మళ్లీ పేరందించింది. కమలాకుమారి ఒక్క క్షణం పక్క తెర వైపు చూసింది. నవ్వే జనాన్ని ఏడిపించడం ఆవిడ వృత్తి. నిరుడు వచ్చిన సినిమాలో చచ్చిపోయిన కొడుకుని ఆవిడ ఏ పేరుతో పిలిచిందో అది దేశమంతటికీ తెలుసు.

"లేవరా నా బుజ్జిబాబూ, లేవరా!"

గణాలు పోయాయి, యతి పోయింది, ఎవడిక్కావాలి! గ్రౌండు దద్దరిల్లిపోయింది. ఈలలు, కేకలు, ఆడవాళ్ల ఏడుపులు. వన్స్ మోర్! మళ్లీ బుజ్జిబాబూ. వన్స్ మోర్! మళ్లీ బుజ్జిబాబూ. వీరలక్ష్మి ప్రతిసారీ అప్పలరాముడనే అందించింది, ప్రతిసారీ కొంచెం గట్టిగా. ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు.

నాలుగోసారి వన్స్ మోర్ అన్నారు. పున్నయ్య శ్రుతి అందించాడు. కమలాకుమారి నోరు తెరిచేలోగా వీరలక్ష్మి తెర చాటునుంచే అందుకుంది. ప్రాంప్టింగ్ కాదు, పాటే. పక్కనున్న మైకు పట్టేసింది.

"లేవరప్పల రాముడ లేవరయ్య..."

బొంగురు గొంతు, పళ్ల సందులోంచి గాలి. అయినా రెండు పాదాలూ పూర్తిగా, శ్రుతిలో పాడింది. కమలాకుమారి బొమ్మతో అలాగే కూర్చుండిపోయింది. గ్రౌండంతా నిశ్శబ్దం. ఒక్క లిప్తపాటు వీరలక్ష్మికి ఆశ కలిగింది. అప్పుడు వినపడింది.

"అరే, అప్పలరాముడు ఫిర్ ఆగయా!"

"ముసలమ్మా, వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఇందాకటికంటే రెట్టింపు నవ్వులు. పున్నయ్య చేతులు అలవాటుకొద్దీ మళ్లీ శ్రుతి పట్టాయి, ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. జనం అడిగితే కాదనకూడదని మాస్టారు చెప్పారు. జన్మలో మొదటిసారి వీరలక్ష్మి కాదంది. పుస్తకం మూసేసి, మెట్లు దిగిపోయింది.

తెర దించగానే మేకప్ గదిలోకి కమలాకుమారి పరుగున వచ్చింది. పున్నయ్య చెప్పేశాడు కాబోలు, మొహానికి పూసిన రంగంతా చెరిగిపోయి ఉంది. వీరలక్ష్మి చేతులు పట్టుకుంది.

"ఆ రోజు నేను అడిగాను కదమ్మా, నాకెందుకు చెప్పలేదు?"

"అందరికీ తెలుసనుకున్నానమ్మా" అంది వీరలక్ష్మి.

"ఎల్లుండి రంగత్‌లో ఆటుంది. అక్కడ ఆ పేరే పాడతాను. ఎవరు నవ్వినా సరే. ఒట్టు."

వీరలక్ష్మి తలూపి బయటకొచ్చింది. గేటు దగ్గర దేముడమ్మ కాసుకుని ఉంది. దారి పొడుగునా జనం అభిప్రాయాలే. కమలాకుమారి కన్నీళ్లు అసలైనవని ఒకడు, గ్లిజరిన్ అని ఇంకొకడు. వెనకాల అరిచిన ముసలావిడ కామెడీ వేషమా, మధ్యలో దూరిందా అని ఇద్దరు పందెం కాసుకుంటున్నారు. వీరలక్ష్మి కొంగు మొహం మీదికి లాక్కుంది.

"ఏడిపించేసింది పిన్నీ కమలాకుమారి! గాని ఆ పేరేటి పిన్నీ? యువరాజుకి అప్పలరాముడని ఎవులెట్టేరు? నువ్వు పాతదానివి కదా, ముందే మార్చీమని సెప్పకపోనావా?"

ముప్పై ఏళ్ల దేముడమ్మ. పక్కింటి పిల్ల. చిన్నప్పుడు దీన్ని ఎత్తుకుని తిప్పింది వీరలక్ష్మి. దీనికైనా ఒక్కసారి చెప్పలేదే!

"నానే ఎట్టేనే. తెలీక ఎట్టేను" అంది.

పొద్దున్నే సత్యారావు వచ్చాడు. గుమ్మం దాటకుండా తలదించుకుని నిలబడ్డాడు.

"మాఫ్ కర్నా దీదీ. కమలాకుమారి గారు గట్టిగా చెప్పారు. రంగత్‌లో పాత పేరే ఉంటుంది. పుస్తకం ఇస్తే మధ్యాహ్నం బస్సులో పంపిస్తాను. మీరు కూడా రండి."

"నాను రాను బాబూ" అంది వీరలక్ష్మి. కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి, అతని జేబులోని కలం అడిగి తీసుకుంది. రంగత్‌లోనూ కుర్రవాళ్లుంటారు. కమలాకుమారి ఒట్టు నిలబెట్టుకుంటుంది, వాళ్లు నవ్వుతారు. ఇరవై తొమ్మిదేళ్లుగా నీళ్లలో ఉన్నవాడి పేరు విని ఇంకొక్కడు కూడా నవ్వకూడదు.

పుస్తకంలో అప్పలరాముడు పేరు పదకొండు చోట్ల ఉంది. సత్యారావు "దీదీ, దీదీ" అంటూండగానే, ఆ రోజు జెట్టీ మీద గుమస్తా గీసినట్టే, పదకొండు చోట్లా గీత గీసి, పుస్తకం అతని చేతికిచ్చింది.