చెమ్మ పెట్టె

2004 ఆగస్టులో ఒక గురువారం పొద్దున రాజమండ్రిలో కరెంటు పోయింది. అది తిరిగి వచ్చేలోగా ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ప్రిస్కిల్లా తయారుచేస్తున్న ప్లాస్టిక్ పొరకు రంగులు వచ్చాయి.

ప్రిస్కిల్లా అక్కడ లెక్చరర్. పిహెచ్‌డి కోసం ఆమె చేయాల్సింది, కంటికి కనపడనంత చిన్న కన్నాలు తేనెపట్టులా వరసగా ఉండే పొర. అలాంటి పొర గుండా వెళ్లిన వెలుతురు లెక్క ప్రకారం చీలుతుంది, పొర మీద రంగులు కనపడతాయి. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను క్లోరోఫాంలో కరిగించి గాజు పలక మీద చుక్క వేయాలి. క్లోరోఫాం ఆవిరవుతూ పలకను చల్లబరుస్తుంది. గాలిలోని చెమ్మ దాని మీద మంచు బిందువులుగా పట్టి, పక్కపక్కన సర్దుకుంటుంది. బిందువులు ఆరాక వాటి చోట కన్నాలు మిగులుతాయి. ఆమెకు ఏడాదిగా మిగలలేదు. నెలాఖరులోగా రాకపోతే అంశం మార్చుకోమని గైడ్ చెప్పారు. అంటే మళ్లీ మొదటి నుంచి.

చుక్క వేసే గాజు పెట్టెను చేసిచ్చింది భర్త విజయ్ పాల్. అతనికి కొవ్వూరులో ఫొటో స్టూడియో ఉంది. గోదావరి గాలికి లెన్సులకు బూజు పడుతుందని, లెన్సులుంచే అరలో ఎప్పుడూ ఒక బల్బు వెలుగుతూ ఉంటుంది. ఈ పెట్టెలోనూ ఒకటి బిగించాడు. ఆర్పొద్దన్నాడు. ప్రిస్కిల్లా లోపల నీళ్ల గిన్నె పెట్టింది గాని బల్బు ఆర్పలేదు. బల్బు పెట్టి చెమ్మను ఆపడం ఆమెకూ అలవాటే.

కరెంటు వచ్చాక వేసిన పొర మళ్లీ మామూలుగా వచ్చింది. బల్బు తీసేసి ఇంకో పొర వేసింది. రంగులు వచ్చాయి. బల్బు వేడికి పలక చల్లబడడం లేదు, అందుకే మంచు పట్టడం లేదు.

ఈ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. శనివారం క్యారేజీ పట్టుకుని వచ్చిన విజయ్ పాల్ పెట్టె చూసి, బల్బు మాడిపోయిందా, కొత్తది తెస్తానన్నాడు.

"మాడలేదండి. నేనే తీశాను."

"చెమ్మ పడుతుంది కదా."

"పట్టాలండి. అది పడితేనే కన్నాలు."

అతను క్యారేజీ బల్ల మీద పెట్టాడు.

"అయితే ఏడాది నుంచీ నీ పని చెడగొట్టింది నేనా?"

"బల్బండి," అంది ప్రిస్కిల్లా. "మీరు కాదు."

అతను, గోదావరి ఒడ్డున చెమ్మ చాలదన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. జేబురుమాలు కుళాయి కింద తడిపి, పిండి, పెట్టె అడుగున పరిచాడు. ఆమె చుక్క వేసింది. పొర ఆరాక, అతను తాళాల గుత్తికున్న లేజర్ లైటును దాని గుండా గోడ మీద వేశాడు. ఎర్ర చుక్క చుట్టూ, తేనెపట్టు గది మూలల్లా, ఆరు చుక్కలు పడ్డాయి.

సోమవారం గైడ్ విశాఖపట్నం నుంచి వచ్చి పొరను మైక్రోస్కోపులో చూశారు. అంశం మార్చలేదు. బల్బు కొవ్వూరు స్టూడియోలో లెన్సుల అరలో ఉంది. జేబురుమాలు పెట్టెలోనే ఉంది.