అడ్డపొగ

గంగ ఒక చేత్తో కొమ్మ వంచి, రెండో చేత్తో ఎర్రగా పండిన కాఫీ పళ్ళు మాత్రమే కోస్తోంది. నడుముకు కట్టిన బుట్ట సగం కూడా నిండలేదు. తలగుడ్డ కింద ఎడమ చెంప ఉబ్బి ఉంది. నోరు తెరిస్తే అంగిలి భగ్గుమంటుంది కనుక పొద్దుటి నుంచి మాట్లాడలేదు. అసలు మాట్లాడటానికి పక్క చెట్టు దగ్గర ఎవరున్నారు గనక?

ఆ చెట్టు ఎప్పుడూ వదిన సోములమ్మది. ఆవిడ ఇప్పుడు ఎగువ వరసలో, వీపు ఇటు పెట్టి కోసుకుంటోంది. గంగ కాపరానికొచ్చిన కొత్తలో చలికి వణుకుతుంటే చుట్ట వెలిగించి, నిప్పు కొనను నోట్లోకి తిప్పి పెట్టడం నేర్పింది ఆవిడే. ఇలా తాగే అడ్డపొగ గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీ. మొగుడు పైడయ్య పోయాక గంగను నిలబెట్టినవి ఆ పొగా, ఆ కబుర్లే. గంగ నోట్లో పుండు కేన్సరని బయటపడ్డాక వదిన ఇటు రావడం మానేసింది. ఆమె కోసం గంగకు ప్రాణం కొట్టుకుపోతోంది.

విశాఖలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో ప్రతి కణానికీ రెండు రకాల కబుర్లు అందుతాయట. బతకమని ఒకటి, పాడయ్యాక ఇక చచ్చిపొమ్మని ఒకటి. మామూలు కణాలు మాట వింటాయి. పొగకీ సెగకీ చెడిపోయిన గంగ కణాలు మాత్రం చావు కబురు వినడం మానేశాయి. బతుకు కబురేమో ఎవరూ పంపకుండానే మోగుతోంది. ఆ మోత ఆపాలని మాత్రలిచ్చారు. ఆగలేదు. ఇక ఎక్కువ రోజుల్లేవన్నారు. చావమన్నా చావని మొండిఘటాలు తన నోట్లోనే ఉన్నాయని వింటే గంగకు ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

బుట్ట దించి, ఆయాసపడుతూ ఎగువ వరసకు ఎక్కింది.

"వదినా, నామీద కోపమేటి?"

సోములమ్మ తిరగలేదు. "నీ నోట్లో నిప్పెట్టింది నానే గదే. ఏ మొకం పెట్టుకుని వొత్తాను?"

"సలేత్తందని ఎట్టినావు. సాయంత్రం బేగి రా. ఒక్కపాలి నా పక్కన కూకో, సాలు."

సాయంత్రం సోములమ్మ గంగ ఇంటికి వచ్చింది. గంగను అరుగు కింద మెట్టు మీద కూర్చోబెట్టుకుని కొప్పు విప్పింది. నూనె రాసి, చిక్కులు తీస్తూ తన పిల్లల గురించి, సంత గురించి ఏదేదో చెప్పింది. గంగ ఆమె మోకాళ్ళకు తల ఆన్చి ఊఁ కొట్టింది. కాసేపటికి ఊఁ కొట్టడం మానేసింది. నిద్రపట్టిందనుకుని సోములమ్మ కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు.

"గంగా, సలి పెరిగింది, లోపలికి నెగు," అంటూ చివరికి భుజం తట్టింది. గంగ లేవలేదు, ఊపిరి ఆగిపోయింది.

అరుగు మీద కొయ్యదువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలు ఇంకా నూనె తడితోనే ఉన్నాయి.