‘అవును’ అనేదాకా

కళ్లజోళ్ల దుకాణంలో ఆమె పని రోజంతా ఒకటే. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు చదివించడం. తప్పు చదివితే అద్దం మార్చి ‘మళ్లీ చదవండి’ అనడం. సరిగ్గా చదివేదాకా వదలదు. వీధిలో అందరూ ఆమెను కళ్లజోళ్లక్క అంటారు. ఓపికలో ఆమె తరవాతే ఎవరైనా అని కూడా అంటారు. ఆ ఓపిక దేనికోసం దాచుకుందో మరదలికి ఒక్కదానికే తెలుసు.

గొడవలప్పుడు ఆమె తమ్ముణ్ణి ఒక గుంపు తరిమింది. తరిమినవాళ్లు అవతలి మతంవాళ్లు. అతను పరుగెత్తి పరుగెత్తి వాళ్ల ప్రార్థనామందిరం గేటు దగ్గరికే చేరాడు. దేవుడి ముందు కొట్టరనుకున్నాడేమో. గేటు తెరుచుకోలేదు. అక్కడే పోయాడు. ఆ గేటు తాళాలు ఒకాయన దగ్గర ఉండేవి. ఆయన్ని తాళాల పెద్దాయన అంటారు. “మేం లోపలెక్కడో ఉన్నాం, ఏమీ వినబడలేదు” అని ఆయన అప్పుడు చెప్పాడు. తరవాత ఎవరడిగినా అదే చెప్పాడు. వినేవాళ్లు నమ్మారు. ఆమె నమ్మలేదు.

గ్రంథాలయం మేడమీద రెండు మతాలవాళ్లూ కూర్చుని మాట్లాడుకుంటున్నారనీ, తాళాల పెద్దాయన కూడా వస్తున్నాడనీ తెలిసిన వారమే ఆమె వెళ్లడం మొదలుపెట్టింది.

“నువ్వెళ్లేది మాట్లాడ్డానికా వదినా, కరవడానికా?” అంది మరదలు, పోయిన తమ్ముడి భార్య.

“ముందు మాట్లాడతా. పళ్లెక్కడికి పోతాయి?”

సమావేశం నడిపేది రిటైరైన మాస్టారు. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఒకరు తమ మాట చెప్తారు. ఎదుటివాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. మొదటివాళ్లు ‘అవును, నేనన్నది అదే’ అనేదాకా చెప్తూనే ఉండాలి. సొంత మాట ఆ తరవాతే.

ఆమెకు ఇది అలవాటైన పనే. ఉపవాసం ఎందుకుంటారో, పోయినవాళ్లకోసం ఏం చదువుతారో అవతలివాళ్లు చెప్తే పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. “మా కోడలికన్నా నువ్వే నయమమ్మా, ఒక్కసారికే పట్టేశావు” అని ఒక ముసలావిడ నవ్వింది. ఆ నవ్వు ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే ఒళ్లు మండింది. వచ్చిన పని అది కాదు.

ఓ ఆదివారం “ఇవాళ పెద్దాయన ఎదురుగా నేను కూర్చుంటా మాస్టారూ” అంది. మాస్టారు సంతోషించాడు. కుర్చీలు ఎదురెదురుగా వేశారు.

“మా తమ్ముడు మీ గేటు తట్టాడు. తియ్యమని అరిచాడు. మీరు లోపలే ఉన్నారు. తియ్యలేదు. అంతే నా మాట.”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “ఈవిడ తమ్ముడు ఆ గొడవల్లో పోయాడు. అందరికీ బాధే.”

“నేనన్నది అది కాదు. మళ్లీ చెప్పండి.”

“ఆ అబ్బాయి మా గేటు దాకా వచ్చాడంటున్నారు. గేటు మూసి ఉంది.”

“దానంతటది మూసుకోలేదుగా. మళ్లీ చెప్పండి.”

మాస్టారు కల్పించుకున్నాడు. “అమ్మా, మరీ పట్టుబడుతున్నావేమో.”

“నియమం మీరు పెట్టిందే కదండీ. అవును అనేదాకా అన్నారు. నేనింకా అనలేదు.”

“అక్క దగ్గర కంటి పరీక్షయినా ఇంతే, ప్రాణాలు తోడేస్తుంది” అని వెనకనుంచి ఎవరో నవ్వబోయారు. ఎవరూ కలవలేదు.

పెద్దాయన ఇంకోసారి చెప్పాడు. ఆమె కాదంది. మరోసారి చెప్పాడు. గొంతు ఎత్తకుండా మళ్లీ కాదంది. ఆయన నేలకేసి చూశాడు. తరవాత ఎవరూ లేనట్టు మాట్లాడాడు.

“గేటు తట్టాడు. నేను లోపలే ఉన్నాను. ‘బాబాయ్, నేనే, తలుపు తియ్యి బాబాయ్’ అని అరిచాడు. నేను తియ్యలేదు.”

ఆమె బాబాయ్ అనే మాట చెప్పలేదు. అలా పిలిచాడని ఆమెకే తెలియదు. చిన్నప్పుడు తమ్ముడు సైకిలుకి గాలి కొట్టించుకోడానికి ఈయన సైకిలు దుకాణానికే వెళ్లేవాడు. అప్పటి పిలుపు. ఏమీ వినబడని మనిషికి ఆ మాట తెలిసే వీల్లేదు. మేడమీద ఉన్న ప్రతివాళ్లకూ ఆ సంగతి అర్థమయింది. ముసలావిడ టీ కప్పు కింద పెట్టేసింది.

“అవును. ఇప్పుడు సరిగ్గా చెప్పారు.”

ఈ మాట వింటే కడుపు చల్లబడుతుందని ఇన్నాళ్లూ అనుకుంది. ఆకలి తీరలేదు సరికదా, రుచి తెలిసినట్టయింది.

ఇక ఆయన వంతు. “గుంపులో ఉన్నది మావాళ్లే. తీస్తే నన్నూ బతకనివ్వరనుకున్నా. భయపడ్డానమ్మా.” ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాడు.

“గుంపులో ఉన్నది మీవాళ్లు. మీరు గేటు తియ్యలేదు” అంది ఆమె.

“ఇంకొకటుందమ్మా.”

“ఉంది.”

“అది కూడా చెప్పమ్మా.”

ఆమె సంచీ తీసుకుని లేచింది. అవతలివాళ్ల దేవుడి మాటలు పొల్లుపోకుండా చెప్పిన నోరు ‘భయం’ అన్న ఒక్క ముక్క దగ్గర మూసుకుంది. మూసింది ఆమే.

ఇంట్లో మరదలు కూర తరుగుతోంది. “చెప్పాడా?”

“చెప్పాడు. వాడు ‘బాబాయ్’ అని పిలిచాడట.”

కత్తిపీట దగ్గర చెయ్యి ఆగింది. “పిలుస్తాడు. మా ఆయనకి ఊరంతా చుట్టాలేగా.” తరిగిన ముక్కలు గిన్నెలో వేసి మళ్లీ అడిగింది. “మరి ఆ ముసలాయన మాట?”

“సగం చెప్పా.”

“మిగతా సగం?”

“నా దగ్గరే ఉంది. కావాలంటే వచ్చి అడుక్కుంటాడు.”

“వస్తే ఇస్తావా?”

ఆమె తరిగిన కూర తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మర్నాడు దుకాణంలో కుర్చీలో ఒక డ్రైవరు కూర్చుని ఉన్నాడు. పై వరుసలు బాగానే చదివాడు. అప్పుడు అద్దాల తలుపు మీద చప్పుడయింది. అవతల తాళాల పెద్దాయన. వేలి కణుపుతో తడుతున్నాడు. “అమ్మా, ఒక్కసారి తలుపు తియ్యమ్మా” అంటున్నాడు. ఆ తలుపుకి గడియ పెట్టలేదు. తోస్తే వస్తుంది. ఆయనకది తెలియదు. ఆమె ఆయన్ను చూసింది. ఆమె చూడడం ఆయన చూశాడు.

“ఎవరో తడుతున్నారక్కా” అన్నాడు డ్రైవరు. “వినబడలేదా?”

“వినబడింది” అంది ఆమె, అద్దం మారుస్తూ. “మీరు కింది వరుస చదవండి.”