మొయినాబాద్ దగ్గర అయిదో హక్కు

విమానం గిద్యోను జన్మలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తి నవ్వేలోపే ఆయనే చెప్పేసుకునేవాడు. బేగంపేటలో విమానాల కంపెనీ ఆఫీసులో టైపు కొట్టేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో పెద్ద దొరల వెంట రైల్లో, థర్డ్ క్లాసులో, ఒళ్లో టైపు మిషను పెట్టుకుని ఢిల్లీ పోయి వచ్చాడు. ఆ ఒక్క ప్రయాణాన్ని నంజుకుంటూ మొయినాబాద్ పక్కన ఎంకపల్లిలో మిగతా వయసంతా గడిపేశాడు పాపం.

ఢిల్లీలో జరిగిందేమిటంటే, దేశాల మధ్య ఆకాశం బేరం. యుద్ధం కోసం చేసిన పెద్ద పెద్ద విమానాలు ఇక మనుషుల్ని మోస్తామన్నాయి. ఎవరి నెత్తి మీది ఆకాశం వాళ్లది కదా, మరి ఎవరు ఎవరి మీదుగా పోవాలి, ఎక్కడ దిగాలి, ఎవరిని ఎక్కించుకోవాలి? సీమ దొరలు ఒక వైపు, మన దొరలు ఒక వైపు కూర్చుని కొట్లాడుకుంటుంటే, పక్క గదిలో కూర్చున్న గిద్యోను, దొరలు కొట్టేసిన వాక్యాల్ని కొత్తగా టైపు కొట్టేవాడు, వాళ్లు మళ్లీ కొట్టేసేవాళ్లు. హక్కులు అయిదట. ఆగకుండా మీదుగా పోవడం, నూనె పోసుకోను దిగడం, తన దేశపువాళ్లను తెచ్చి దించడం, తన దేశానికి వచ్చేవాళ్లను ఎక్కించుకోవడం. ఈ నాలుగూ చాయ్ తాగినంతసేపట్లో తేలిపోయాయి. పేచీ అంతా అయిదో దాని దగ్గరే. దారిలో పరాయి దేశంలో దిగి, అక్కడి జనాన్ని ఎక్కించుకుని, ఇంకో దేశానికి పట్టుకుపోవడం. అంటే ఒకడి గిరాకీని ఇంకొకడు ఎత్తుకుపోవడమన్నమాట. దాని మీద దొరలు బల్లలు గుద్దారు, అలిగారు, ఆఖరికి ఎవరి రైలు వాళ్లు ఎక్కారు.

ఆ తర్వాత కంపెనీ సర్కారులో కలిసిపోయింది, గిద్యోను ఉద్యోగం దేనిలోనూ కలవకుండా పోయింది. మొయినాబాద్ రోడ్డు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాస్తూ, వచ్చిన ప్రతివాడికీ అయిదో హక్కు గురించి చెప్పేవాడు. భార్య ప్రేమమ్మకైతే అది కంఠతా వచ్చు.

అరవై తొమ్మిది వేసవిలో ప్రత్యేక తెలంగాణ గొడవ ముదిరి బస్సులు బందయ్యాయి. పట్నం పోవాలంటే రెండే దిక్కులు. ఒకటి, చేవెళ్ల మల్లేశ్ కూరగాయల లారీ. రెండోది, మొయినాబాద్ అంజయ్య జీపు, మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన ముసలి బండి. చేవెళ్ల నుంచి పట్నం పోవాలంటే మొయినాబాద్ మీదుగానే కదా. మల్లేశ్ అక్కడ ఆపి, వంకాయ గంపల మీద మనుషుల్ని కుదేసి పట్టుకుపోతుంటే అంజయ్య కడుపు మండింది. ఒకనాడు లారీ టైర్లలో గాలి పోయింది. మర్నాడు జీపు బ్యాటరీ మాయమైంది. ఆ మరుసటి రోజు కర్రలు లేచాయి. తలలు పగిలేట్టున్నాయని సర్పంచు భయపడి, ఢిల్లీ ఒప్పందాలు చూసినాయన మన దగ్గరే ఉన్నాడు కదా, పిలవండి అన్నాడు.

అంత ఎండలో గిద్యోను కోటు వేసుకుని వచ్చాడు. కోటు లేకుండా దేశాల పేచీ ఎలా తీరుతుంది? బడి వరండాలో మల్లేశ్‌ను ఒక వైపు, అంజయ్యను ఒక వైపు కూర్చోబెట్టి, చేవెళ్ల ఒక దేశం, మొయినాబాద్ ఒక దేశం అనుకోమన్నాడు. ఇద్దరూ బుద్ధిగా అనుకున్నారు. లారీ మొయినాబాద్ మీదుగా పోవచ్చు. రేడియేటర్‌లో నీళ్లకు ఆగవచ్చు. చేవెళ్లవాళ్లను దించవచ్చు, చేవెళ్లకు వచ్చేవాళ్లను ఎక్కించుకోవచ్చు. జీపుకూ చేవెళ్లలో అవే హక్కులు. మొయినాబాద్‌లో ఎక్కి పట్నం పోయేవాళ్లు మాత్రం అంజయ్య సొత్తు. లారీకి అయిదో హక్కు లేదు, వాళ్లను ముట్టరాదు. ఢిల్లీలో దొరలకు తెగనిది ఇక్కడ మధ్యాహ్నం భోజనాల వేళకు తెగిపోయేసరికి గిద్యోనుకు కళ్లు చెమర్చాయి.

ప్రేమమ్మ మజ్జిగ ముంత తెచ్చి అక్కడే నిలబడి వింటోంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎలా అని అడిగింది. గిద్యోను దొరలా నవ్వాడు.

"ఒప్పందానికి కిటికీ పెడితె దాంట్లకెళ్లి బర్రెలు గూడ దూరుతయే," అన్నాడు. ఆ మాట మీద ఒప్పందం కాగితంలో 'ముట్టరాదు'కు ముందు 'ఎట్టి పరిస్థితులలోనూ' అని చేర్చి, కింద గీత కూడా గీశాడు.

ఆమె ఖాళీ ముంత తీసుకుంది. "నీ ఇష్టమయ్యా. ఆకాశంల ఎవలికి కడుపునొప్పి రాదు గావచ్చు," అని ఇంటి దారి పట్టింది.

ఒప్పందం భేషుగ్గా నడిచింది. లారీ దుమ్ము రేపుకుంటూ సాగిపోయేది, జీపు నిండేది, కర్రలు మళ్లీ దొడ్లలోకి చేరాయి. గిద్యోనుకు దండాలు పెట్టేవాళ్లు పెరిగారు. ఆయన నడక మారింది. మాటకు ముందు 'మేము ఢిల్లీలో' అని, మాటకు వెనక 'అర్థమైందా' అని చేర్చడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ప్రేమమ్మ గొణిగితే అది కూడా మెచ్చుకోలే అనుకున్నాడు.

ఒకనాడు తెల్లవారి ప్రేమమ్మ లేవలేదు. రాత్రి నుంచీ కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూనే ఉందట. రోజంతా అర్జీదారులతో అలిసి మొద్దు నిద్రపోయిన ఈయన గమనించనే లేదు. ఒళ్లు కాలిపోతోంది. ఎడ్లబండిలో నులక మంచం వేసి, ఆమెను పడుకోబెట్టి మొయినాబాద్ తీసుకొచ్చారు. కాంపౌండరు కుడి వైపు పొట్ట నొక్కి చూసి, లోపల పేగుకు చీము పట్టింది, అది పగిలితే మనిషి దక్కదు, ఇప్పుడే ఉస్మానియా దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

గిద్యోను అంజయ్య కోసం పరిగెత్తాడు. జీపు గేరుబాక్సు గోనెసంచి మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంది. అంజయ్య మోచేతుల దాకా నల్లటి నూనెతో బిక్కమొహం వేశాడు. అదే సమయానికి చేవెళ్ల వైపు నుంచి లారీ మోత వినిపించింది. ఒప్పందం ప్రకారం అది ఇక్కడివాళ్లను పట్నానికి ఎక్కించుకోదు. ఎక్కించుకోకూడదని గీత గీసి మరీ రాసింది తానే.

రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడ్డాడు. మల్లేశ్ బ్రేకు తొక్కి దిగి, మొదట అంజయ్యను చూశాడు, తర్వాత బండిలో మూలుగుతున్న మనిషిని చూశాడు.

"ఏంది సారూ?"

అప్పుడు ఏ మొగుడైనా ఏమంటాడు? నా పెళ్లాం చచ్చిపోతోంది, ఎక్కించుకోరా నాయనా అంటాడు. గిద్యోను నోటి నుంచి వచ్చింది వేరు. ఆమెను పట్నం ప్రయాణికురాలిగా ఎక్కించుకోవడానికి వీల్లేదన్నాడు. అయితే నాలుగో హక్కు కింద చేవెళ్ల పోయే మనిషిగా ఎక్కించుకుని, లారీ వెనక్కి తిప్పి, పొలిమేర దాటి, అక్కడ ఆమెను చేవెళ్ల మనిషిగా లెక్కగట్టి, మళ్లీ మొయినాబాద్ మీదుగా ఆగకుండా పట్నం పోతే ఎవరికీ నష్టం లేదన్నాడు. అది చెబుతున్నప్పుడు లోపల రవ్వంత గర్వం కూడా తగిలింది. ఢిల్లీలో ఒక్క దొరకూ తట్టలేదే ఈ ఉపాయం! అది సరిగ్గా కుదురుతుందో లేదో చూద్దామని కోటు జేబులోంచి కాగితం తీసి విప్పాడు.

తల ఎత్తేసరికి మంచం గాల్లో ఉంది. తల వైపు అంజయ్య నల్లటి చేతుల్లో, కాళ్ల వైపు మల్లేశ్ చేతుల్లో. నిన్నటిదాకా ఒకరి తల ఒకరు పగలగొడతామన్నవాళ్లు, వంకాయ గంపలు పక్కకు తన్ని, ఆమెను లారీలో మెల్లగా దించారు.

"సారూ, జర ఆ కాయితం పట్టుకొని పక్కకు జరుగుండ్రి. బండి పోవాలె," అన్నాడు అంజయ్య.

లారీ పోయింది. ఆయన్ను ఎక్కించుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. గిద్యోను వెనకాల కొంతదూరం ఉరికి, దగ్గొచ్చి, రోడ్డు మీదే కూలబడ్డాడు. భయమూ సిగ్గూ కలిసి ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె లేకపోతే తన ఢిల్లీ కబుర్లు వినేదెవరు, విని వెక్కిరించేదెవరు? అంజయ్య చేతులు తుడుచుకుని సైకిల్ తెచ్చి, వెనక కూర్చోమన్నాడు. ఆకాశపు హక్కులు తెలిసినాయన సైకిల్ క్యారేజీ మీద, కోటు అంచు చక్రంలో పడకుండా ఒళ్లో పెట్టుకుని, గండిపేట మలుపు దాటి దవాఖాన దాకా పోయాడు. దారి పొడుగునా ప్రార్థన చేసుకున్నాడు, ఏ షరతూ పెట్టకుండా.

ఆపరేషను సకాలంలో జరిగింది. మర్నాడు కళ్లు తెరిచిన ప్రేమమ్మ ఆయన వైపు తల తిప్పింది.

"నేను పోతుంటె నువ్వేం చేస్తుంటివయ్యా?"

"కాయితం చూస్తుంటినే," అన్నాడు. అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు గుంజి, ఏడుపొచ్చింది. రెండూ అయ్యాక ఆయన చేతి మీద చెయ్యి వేసింది. గిద్యోను ఆ చేతిని వదల్లేదు.

ఇంటికి తెచ్చింది కూడా మల్లేశ్ లారీయే. మొయినాబాద్‌లో ఆమెను దించడానికి అంజయ్య ఎదురొచ్చాడు. పేచీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. రేపటి నుంచి గిరాకీ సంగతేమిటని ఇద్దరూ అక్కడికక్కడే గొంతులు లేపారు. ఒప్పందం ఉండాలి, కానీ దాన్ని సరిచేయాలన్నాడు సర్పంచు. అందరూ గిద్యోను వైపు తిరిగారు.

ఆయన కాగితం తీసి, కలం తీసి, గీత గీసిన మాటను కొట్టేసి, ప్రేమమ్మ వైపు చూశాడు. ఆమె అర్జీల బల్ల మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటోంది.

"నువ్వు చెప్పు," అన్నాడు.

"బాగలేనోళ్లు ఎవలైనా, ఏ ఊరోళ్లైనా, ఏ బండైనా ఎక్కొచ్చు. మొగుణ్ని గూడ ఎక్కించుకోవాలె," అంది ప్రేమమ్మ.

గిద్యోను ఢిల్లీలో చేసినట్టే ఒక్క మాట మార్చకుండా, చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆయనకు నిజంగా వచ్చిన పని అదొక్కటే.